ఖాళీగా తిరిగొచ్చిన స్లైడు

నాకు యాభై మూడేళ్లు. చత్వారపు అద్దాలున్నాయి, ఎండలో నడిస్తే కళ్లవెంట నీళ్లు కారతాయి. అయినా మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు నా కన్ను తప్పు చూసిందని చెప్పిన మనిషి ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్కడే. ఆయన సంగతి తర్వాత చెబుతాను. గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదని మొదట ఒక వాక్యం రాసి, చదువుకుని, కొట్టేశాను. గొప్ప చెప్పుకోవడానికే రాస్తున్నాను. నెలల తరబడి జ్వరంతో, ఉబ్బిన కాళ్లతో సంపాదించుకున్న గొప్ప ఇది, ఊరికే వదులుకోను. మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పనులు కూడా ఉన్నాయి. వాటినీ దాచను, ఎవరికైనా పనికొస్తాయి.

నా పేరు సువర్ణ. సిద్దిపేట జిల్లాలో ఒక మండలపు ప్రభుత్వ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ను. మా ఆయన యాదగిరి మేం ఉండే సిద్దిపేట పట్టణంలోనే గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. నేను పొద్దున్నే బస్సెక్కి డ్యూటీకి పోతాను. మూత్రం, షుగరు, కళ్లె అన్నీ చూస్తాను కానీ నాకు ఇష్టమైన పని మలేరియా స్లైడు. వేలు గుచ్చి, గాజుపలక మీద ఒక చోట నెత్తురును దళసరిగా, పక్కనే ఇంకో చుక్కను పల్చగా పూస్తాం. పల్చటి పూత మీదే పెన్సిలుతో నంబరు రాస్తాం. రంగు వేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, కొంచెం కొంచెం జరుపుకుంటూ వంద చోట్ల చూడాలి. దళసరి పూతలో పురుగు ఉందో లేదో తెలుస్తుంది. పల్చటి పూతలో అది ఏ రకమో తెలుస్తుంది. ఈమధ్య కార్డులు వచ్చాయి. చుక్క వేస్తే పావుగంటలో గీత పడుతుంది. గీత ఎవరైనా చూస్తారు. అందుకే నాకు కార్డంటే మొదటి నుంచీ చిన్నచూపు.

ఆషాఢంలో, బోనాలు అయిపోయిన వారం, మధ్యాహ్నం బస్సులో ఉండగా చలి వచ్చింది. పక్కన కూర్చున్నామె తన కొంగు తీసి నా భుజాల మీద కప్పింది. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. తెల్లారి చెమట పట్టి తగ్గింది. రెండు రోజులు శుభ్రంగా ఉన్నాను, మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ చలి. ఇలా నాలుగైదు సార్లు జరిగాక కూడా రోజులు లెక్కపెట్టుకోవాలని నాకు తోచలేదు. వచ్చిన రోగులందరినీ ‘ఏ రోజు వచ్చింది, ఏ పూట వచ్చింది’ అని అడిగే నేను, నా జ్వరాన్ని మాత్రం వైరల్ అనుకుని ఊరుకున్నాను. కార్డు వేసుకుంటే గీత పడలేదు. రెండుసార్లు స్లైడు తీసుకుని చూసుకున్నాను, ఏమీ లేదు.

శ్రావణంలో ఒక శుక్రవారం డ్యూటీలోనే చలి మొదలైంది. పళ్లు కొట్టుకుంటుండగా ఎడమ చేతి ఉంగరపు వేలు గుచ్చుకుని మూడో స్లైడు తీశాను. దళసరి పూతలో వంద చోట్లా ఏమీ కనిపించలేదు. అక్కడితో లేవవచ్చు. కానీ ఎందుకో పల్చటి పూత మీదికి జరిపాను. డెబ్భై ఎన్నో చోట ఒక ఎర్ర కణం, దానికి అడ్డంగా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నీలం పట్టీ. పట్టీ అంచున గోధుమ రంగు పొడి. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. పట్టీ అక్కడే ఉంది.

మా వైపు దొరికేవి రెండు రకాలే. ఈ పట్టీ కట్టేది మూడోది, దాని శాస్త్రం పేరు ప్లాస్మోడియం మలేరియే, మేం ఉత్త ‘మలేరియే’ అంటాం. ఎప్పుడో ట్రైనింగులో పెట్టె లోంచి తీసి చూపించిన స్లైడులో చూశాను, ఆ తర్వాత చూడలేదు. దాని జ్వరం మధ్యలో రెండు రోజులు విడిచి వస్తుంది. అప్పుడు కూర్చుని నా జ్వరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఒక్కటి కూడా తప్పలేదు. జబ్బు వచ్చిందని తెలిసిన క్షణంలో మనిషి సంతోషపడకూడదు. నేను సంతోషపడ్డాను. రిజిస్టరులో నంబరు వేసి, ‘పాజిటివ్, మలేరియే’ అని రాసి, ఆ చోటు మళ్లీ దొరికేలా మైక్రోస్కోపు బల్ల మీది కొలగీతల అంకెలు పక్కన వేసుకున్నాను.

మా డాక్టరు నవ్య మేడం చిన్న వయసు, ముప్పై కూడా ఉండవు. వచ్చి చూసి, ఫోకసు అటూ ఇటూ తిప్పి మళ్లీ చూసింది.

“అక్కా, ఉన్నట్టే ఉన్నది. గని ఒక్కటే ఉన్నది. కార్డుల లేదు, దళసరి దాంట్ల లేదు. క్రాస్‌చెక్‌కు పంపుదాం, వాళ్లు అవునంటే గోళీలు మొదలుపెడ్దాం.”

పాజిటివ్ స్లైడులన్నీ పైవాళ్లు మళ్లీ చూడాలి, అది నియమమే. స్లైడు మీద మనం గుర్తు పెట్టకూడదు, అదీ నియమమే. పైనున్న నూనె అద్ది తీసి, కాగితంలో చుట్టి పంపాను.

ఇక్కడ నా పెద్ద తెలివితక్కువ పని. దవాఖానలో పనిచేసే వాళ్లందరికీ ఒక ఉమ్మడి జబ్బు ఉంటుంది, బీరువాలో మందు కనిపిస్తే అది మన కోసమే ఉందనుకోవడం. నాకప్పుడు దగ్గు కూడా పట్టుకుంది. మేడంను అడగకుండా స్టోరులోంచి డాక్సీ అనే యాంటీబయాటిక్ గోళీలు తీసుకుని పది రోజులు మింగాను. దగ్గు పోయింది, చలి కూడా తగ్గుముఖం పట్టింది. నా వైద్యం నాకే బాగుందని మురిసిపోయాను. ఆ గోళీ మలేరియా పురుగును పూర్తిగా చంపకుండా అణచిపెడుతుందని, అలా నా నెత్తురులో ఉన్న సాక్ష్యాన్ని నేనే తుడిచేసుకున్నానని తర్వాత తెలిసింది. రక్తం ఇవ్వకముందు గోళీ వేసుకోవద్దని ఊరంతటికీ చెప్పే మనిషిని నేను.

వినాయక చవితి పోయిన తర్వాత క్రాస్‌చెక్ చేసే సారు ఫోన్ చేశాడు. పాత మనిషే, మర్యాదస్థుడే.

“సువర్ణమ్మా, నీ స్లైడు చూసిన. గది రంగు ముద్ద. నెగటివ్ రాసి పంపుతున్న. ఏమనుకోకు, కండ్ల డాక్టరుకు ఒకపారి చూపెట్టుకో. వయసు గుడ అయితున్నది గదా.”

సరే సార్ అని ఫోన్ పెట్టేసి, ల్యాబు తలుపు మూసుకుని ఏడ్చాను. జ్వరానికి ఏడవలేదు, దీనికి ఏడ్చాను. స్లైడు తిరిగి వచ్చాక అంకెలు చూసుకుని పెట్టి చూస్తే పట్టీ ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని నా చెక్కడబ్బాలో, విడిగా ఒక గాడిలో పెట్టాను.

జ్వరం మళ్లీ వచ్చింది, ఈసారి పల్చగా, అందీ అందనట్టు. ఎన్ని స్లైడులు తీసినా శూన్యం. కాళ్లు ఉబ్బడం మొదలైంది. చెప్పులు పట్టక మా ఆయన చెప్పులు వేసుకుని బస్సెక్కాను. నా మూత్రం నేనే చూసుకున్నాను. గొట్టంలో వేడి చేస్తే తెల్లగా గడ్డకట్టింది, అంటే ప్రోటీను పోతోంది.

సిద్దిపేటలో కిడ్నీ డాక్టరు దగ్గరికి పోయింది బతుకమ్మ రోజుల్లో. బయట వీధిలో ఆడవాళ్లు పాట అందుకుంటున్నారు, లోపల మేం నలభై మందిమి గోడకు వీపులు ఆనించి కూర్చున్నాం. ఏటా తంగేడు పువ్వు కోసం పొద్దున్నే తిరిగే నేను, ఆ ఏడు గోడ మీది టోకెన్ నంబరు చూస్తూ కూర్చున్నాను. పక్కన ఒక ముసలామె నన్ను పట్టి పట్టి చూసింది.

“నువ్వు వేలు గుచ్చే సువర్ణమ్మవు గాదు?” అంది. “మాది వేములఘాట్. ఊరు ప్రాజెక్టుల మునిగింది, ఇప్పుడు కాలనీల ఉంటున్నం. అప్పట్ల మా కోడలుకు జరమొస్తె అందరు ఏం లేదన్నరు. నువ్వే పట్టినవు.”

నాకు గుర్తు లేదు, కానీ ఆ వైపు పనిచేసిన మాట నిజమే. ఆమె తన బట్టల మూటను కిందికి జరిపి నా కాళ్లు రెండూ ఎత్తి దాని మీద పెట్టింది. వద్దవ్వా అంటే వినలేదు. తన నంబరు పిలిచేదాకా ఆ మూట తీసుకోలేదు.

కిడ్నీ డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. మూత్రంలో పోకూడనిది పోతోంది. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి, ఆ తర్వాత నెలల తరబడి బలమైన మందు వాడాలి. ఆ మందు ఒంట్లో తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది, లోపల ఏదైనా పురుగు దాగి ఉంటే అది రెచ్చిపోవచ్చు. “మీ జ్వరం ఎందుకో తేల్చుకుని రండి. మూడు వారాలు ఆగుతా, అంతకన్నా ఆగితే కిడ్నీలకు మంచిది కాదు” అన్నాడు. నేను నా పట్టీ సంగతి, ఆ రకం మలేరియా కిడ్నీలను కూడా దెబ్బతీస్తుందని చదివిన సంగతి చెప్పాను. క్రాస్‌చెక్ కాగితం చూసి, “ఇందులో నెగటివ్ అని ఉంది కదమ్మా” అన్నాడు. ఆయన తప్పేం లేదు, కాగితంలో అదే ఉంది.

ఆ రోజు ఇంట్లో మా ఇద్దరికీ పెద్ద మాటలయ్యాయి. యాదగిరి మామూలుగా నోరెత్తని మనిషి.

“మలేరియా గోళీలు నీ బీరువలనే ఉన్నయి. మింగి పారెయ్యరాదు? గా కాయితం వచ్చేదాంక పానం ఆగుతదా?” అన్నాడు.

“మింగితె జరం పోతది. ఎందుకు పోయిందో ఎవరికెరుక? కిడ్నీ డాక్టరు ఏం జూసి మందు ఆపుతడు? ఒకసారి అడగకుండ మింగి చేసుకున్నది చాలు.”

“నీకు కాయితం గావాల్నా, పానం గావాల్నా?”

“రెండు గావాలె.”

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు మగ్గం దగ్గర రాలిన తెగుపోగులన్నీ పోగేసి, సంచిలో కుక్కి, కుట్టి, నా కాళ్ల కింద పెట్టుకోవడానికి దిండు చేసి మంచం మీద పడేశాడు. 

నవ్య మేడం మాత్రం ఊరుకోలేదు. హైదరాబాదులో ఒక ల్యాబువాళ్లను పట్టుకుంది. “అక్కా, వాళ్లు పురుగును కంటితోని చూడరు. దాని డీఎన్‌ఏ వెతుకుతరు. ఇంత అంత ఉన్నా పడతరు, ఏ రకమో గుడ చెప్తరు” అంది. నా వేలు గుచ్చి, దట్టమైన కాగితం మీద చుక్కలు వేసి, ఆరబెట్టి పంపాం. వారం తర్వాత ఏమీ దొరకలేదని జవాబు వచ్చింది. డాక్సీ సంగతి మేడంతో ఆ రోజే చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని, “గోళీలు మింగకముందటి నెత్తురు ఉంటే బాగుండు” అంది.

“ఉన్నది మేడం.”

“ఏడుంది?”

“నా డబ్బల.”

ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసింది. ఎండిపోయిన, రంగు వేసిన స్లైడు నుంచి కూడా తీయవచ్చట. కానీ తీయడమంటే గీకడం. గాజు మీది పూతను బ్లేడుతో గీకి, ఆ పొడిని పరీక్షకు పెడతారు. దళసరి పూత మాత్రం గీకి, పల్చటిది నాకు వదిలేయమని అడిగించాను. పురుగు అంత తక్కువ ఉన్నప్పుడు రెండూ కావాలన్నారు. గీకాక కూడా దొరుకుతుందని హామీ లేదన్నారు. మైక్రోస్కోపు కంటికి ఫోన్ ఆనించి తీసిన ఫోటో పంపితే, మసగ్గా ఉంది, అయ్యుండొచ్చు, కాకపోవచ్చు అన్నారు.

అంటే ఆ పట్టీ పోతుంది. దొరికితే సరే. దొరకకపోతే, నేను చూశాననడానికి ప్రపంచంలో ఇంకేమీ మిగలదు. రంగు ముద్ద చూసి మలేరియా అన్న ముసలి టెక్నీషియన్‌గా రిటైరైపోతాను, పైగా కిడ్నీకి ఆ బలమైన మందూ మొదలవుతుంది. స్లైడు దాచుకుంటే నా మాట దాచుకున్నట్టే కానీ నాకు వైద్యం లేదు. ఆలోచించుకోవడానికి రెండు రోజుల గడువు అడిగాను మేడంను. ఆమె తొందరపెట్టలేదు.

ఆదివారం యాదగిరిని వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. ఇరవై ఆరేళ్లలో ఆయన నా ల్యాబులోకి రావడం అదే మొదటిసారి. అంకెల ప్రకారం స్లైడు పెట్టి, నూనె వేసి, కుర్చీలో కూర్చోబెట్టాను. ఏం చూడాలో చెప్పలేదు. ఏం కనబడుతుందో చెప్పమన్నాను. మొదట తన కనురెప్పలే కనబడుతున్నాయన్నాడు. తల కాస్త వెనక్కి జరపమన్నాను. ఆ తర్వాత కదలకుండా ఉండిపోయాడు. పడుగులో ఒక్క పోగు తప్పితే పది గజాల అవతల కూడా పట్టే మనిషి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

“ఎర్రయి, గుండ్రంగున్నయి,” అన్నాడు. “అన్ని ఒక్కతీరుగున్నయి. నడుమ ఒక్కటే ఏరుగున్నది. దానికి అడ్డం నీలం పట్టీ నేసినట్టున్నది.” మళ్లీ కన్ను ఆనించాడు. “రంగు ముద్దయితె ఇటు అంచు దాటి అటు పారుతది. గిది అంచుల కాడ ఆగింది. గిదేనా?”

గిదే అన్నాను.  ఆయన లేచి, నా అద్దాలు తీసి, తన లుంగీ కొసతో తుడిచి మళ్లీ పెట్టాడు. “నీ కండ్లకు ఏం రోగం లేదు,” అన్నాడు. “పంపు. నేను జూసిన గదా.”

సోమవారం స్లైడు నేనే ప్యాక్ చేశాను. పరీక్ష అయ్యాక ఖాళీ గాజును తిరిగి పంపమని చీటీ రాసి పెట్టాను. ఖాళీ గాజు ఎందుకని మేడం నవ్వింది కానీ చీటీ తీసేయలేదు.

కిడ్నీ డాక్టరు ఇచ్చిన గడువుకు రెండు రోజులుంది. కార్తీకం దగ్గరపడింది. నేను ఒకామె వేలు గుచ్చి చుక్క పూస్తుండగా నవ్య మేడం ల్యాబులోకి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది. చేతులకు గ్లౌజులుండడంతో ముట్టుకోకుండా వంగి చదివాను. ‘ప్లాస్మోడియం మలేరియే’ అని ఉంది. ఇంకో రకం ఏదీ కలవలేదని కూడా ఉంది.

“నువ్వు రాసిందే అక్కా,” అంది మేడం. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నేను ముందు ఆ ఆడమనిషి స్లైడు పూత పూర్తిచేసి నంబరు వేశాను. పూత మధ్యలో ఆపితే పాడవుతుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, రిజిస్టరు తీసి, శ్రావణం నాటి పేజీ దగ్గర పెట్టాను. ‘నెగటివ్’ అని అతికించిన కాగితం కింద మేడం ఫలితం రాసి సంతకం చేసింది. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పను.

ఎక్కడ పట్టుకుందో ఖాయంగా ఎవరూ చెప్పలేకపోయారు. కొన్నేళ్ల కింద ఏజెన్సీ ఊళ్లకు నన్ను సర్వే డ్యూటీ మీద పంపారు, నెల రోజులు గుడిసెల్లో పడుకున్నాం. ఇది ఒంట్లో ఏళ్ల తరబడి దాక్కోగలదట. అక్కడ నేను వందల వేళ్లు గుచ్చాను. బదులుగా నన్నొక దోమ గుచ్చి ఉంటుంది.

మందు మూడు రోజుల గోళీలు. ఇన్నేళ్లుగా దోసిళ్లకొద్దీ పంచిన అవే చేదు గోళీలు, ఈసారి మేడం చేతి నుంచి తీసుకుని, ఆమె చూస్తుండగా మింగాను. జ్వరం మళ్లీ రాలేదు. కిడ్నీ డాక్టరు రిపోర్టు రెండుసార్లు చదివి, ముక్క తీయడం వాయిదా వేసి, నెల నెలా మూత్రం చూద్దామన్నాడు. వాపు ఒక్కసారిగా పోలేదు. సంక్రాంతి దాటి, కొమురవెల్లి జాతరకు జనం బస్సులెక్కే రోజులకి నా చెప్పులు నాకు పట్టాయి. మూత్రంలో ఇంకా కొంచెం ప్రోటీను పోతూనే ఉంది, ఇంకా చూపించుకుంటున్నాను. పూర్తిగా బాగయ్యానని రాయను, భయం మాత్రం పోయింది.

క్రాస్‌చెక్ సారు ఒకరోజు స్వయంగా బస్సు దిగి వచ్చాడు. టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, “సువర్ణమ్మా, పల్చటి పూత నేను మొత్తం చూడలే. దళసరి దాంట్ల లేకపోయేసరికి లేచిన. నా తప్పు,” అన్నాడు. ఇంకెవరైనా అయితే ఫోన్లో అనేసేవారు, ఆయన ఎదుటికొచ్చి అన్నాడు. ఇప్పుడు సార్ మీదా నాకు గౌరవమే. కండ్ల డాక్టరుకు చూపెట్టుకున్నారా సార్ అని మాత్రం అడిగాను. టీ పొరపోయేంత నవ్వాడు.

గాజు కూడా తిరిగి వచ్చింది, చిన్న కవరులో. గీకినప్పుడు పూతతో పాటు నా పెన్సిలు నంబరు కూడా పోయింది. వెలుతురుకు పట్టి చూస్తే బ్లేడు జాడలు కూడా లేవు. దాన్ని సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, డబ్బాలో దాని గాడిలోనే ఉంచాను.

మందు ముగిసి నెల దాటాక నెత్తురు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ గాజే తీశాను. ఉంగరపు వేలు గుచ్చుకుని, ఒక చుక్క దళసరిగా, ఒక చుక్క పల్చగా పూసి, నంబరు వేశాను. దళసరిలో వంద చోట్లు చూశాను. పల్చటి దానిలో కూడా వంద చూశాను, తర్వాత ఇంకో వంద చూశాను. అన్నీ ఎర్రగా, గుండ్రంగా, ఒక్కతీరుగా ఉన్నాయి. రిజిస్టరులో నా పేరు ఎదుట ‘నెగటివ్’ అని నా చేత్తో రాసి, సంతకం పెట్టి, స్లైడును క్రాస్‌చెక్‌కు పంపాను.

పది రోజులకు కాగితం వచ్చింది. సారు కూడా నెగటివ్ అనే రాశాడు. కింద ఇంకో ముక్క ఉంది: పల్చటి పూత మొత్తం చూడడమైనది.